మేడారం బాటలో కమాను పట్టీలు

పిల్లలూ! హనుమకొండ నుంచి ములుగు వైపు ఎప్పుడైనా వెళ్ళారా? వెళ్ళకపోతే ఈ పూట నాతో రండి. ములుగు దాటాక జంగాలపల్లి వస్తుంది. అక్కడ పక్కదారి పడితే పాలంపేట, రామప్పగుడి. ఆ దారి పట్టక తిన్నగా పోతే గోవిందరావుపేట, పస్రా, అటు తరువాత అడవి. టేకు, ఇప్ప, తునికి చెట్ల నడుమ తాడ్వాయి ఉంది. అక్కడి నుంచి పక్కకు మళ్ళితే మేడారం. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతర జరిగేది అక్కడే. 2016 దాకా ఇదంతా వరంగల్ జిల్లాయే. 2019లో ములుగు వేరే జిల్లా అయింది.

ఇప్పుడు తారురోడ్డు నున్నగా ఉంది. మా చిన్నతనంలో జనం జాతరకు ఎడ్లబండ్ల మీదనే వెళ్ళేవారు. ఎడ్లబండి తొట్టి నేరుగా ఇరుసు మీద కూర్చుంటుంది. మధ్య మెత్తనిది ఏదీ లేదు. చక్రం రాయి ఎక్కితే బండిలోని ముసలమ్మ కూడా ఎక్కవలసిందే, చక్రం గుంటలో పడితే ఆమె కూడా పడవలసిందే! అందుకని తొట్టిలో వరిగడ్డి దట్టంగా పరిచేవారు. ఎడ్లకు మేత, మనుషులకు పరుపు, రెండూ అదే.

ఇంగ్లండులో ఓబదయా ఎలియట్ అనే ఆయన 1804లో గుర్రబ్బండి తొట్టిని విల్లులాగా వంచిన ఉక్కు పట్టీల మీద నిలబెట్టాడు. ఆ పట్టీలనే మన మెకానిక్కులు కమాను పట్టీలంటారు. కమాను అంటే విల్లు. ఎంత సరైన పేరో చూడండి! 1888లో డన్లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు టైరు తొడిగాడు. ఈ రెండూ కలిసి మన నడుములను కాపాడుతున్నాయి.

ఇక నా సంగతి. 1996లో నేను తాడ్వాయి అవతల ఒక అడవి పల్లె బడిలో పంతులుగా ఉన్నాను. ఆ సంవత్సరం జాతర అయిన కొన్నాళ్ళకు, ఆరో తరగతి పిల్లవాడొకడు ఇప్పచెట్టు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెదురు బద్దలు కట్టాం. ఊరిలో ఉన్నది ఒకే ఒక జీపు. యజమాని మంచివాడే, అడగగానే తీశాడు. కాని జాతరకు ఎక్కువమందిని ఎక్కించుకోవాలని వెనుక కమాన్లలో మూడేసి పట్టీలు అదనంగా వేయించి ఉన్నాడు. "నా బండిని గట్టి చేయించిన సారూ, ఏ బాటనైనా పోతది," అన్నాడు.

పోయింది నిజమే. ఎలా పోయిందో మాత్రం నేను మరచిపోలేను. పదిహేనుమంది ఎక్కితే వంగవలసిన కమాన్లు నలుగురి బరువుకు వంగుతాయా? రాయి తగిలితే చాలు, జీపు కోడిపిల్లలాగా ఎగిరేది. ఎగిరినప్పుడల్లా పిల్లవాడు కేక పెట్టేవాడు. కొంతసేపటికి కేక పెట్టే ఓపిక కూడా పోయింది. వాడి తండ్రి రెండు చేతులతో ఆ కాలును పట్టుకుని, "సారూ, మెల్లగ పొమ్మనుండ్రి, మెల్లగ పొమ్మనుండ్రి," అంటూనే ఉన్నాడు. నేను లెక్కలూ సామాన్యశాస్త్రమూ చెప్పే పంతులును. గట్టిదనం వేరు, మెత్తదనం వేరు అన్న ముక్క నాకు ఆనాడు తట్టలేదు.

పిల్లవాణ్ణి వరంగల్ ఆసుపత్రిలో చేర్చాక యజమానీ నేనూ ములుగు రోడ్డు పక్కన ఒక షెడ్డుకు వెళ్ళాం. ముసలి మేస్త్రి జీపు కిందికి దూరి, బయటికి వచ్చి, "గిన్ని పట్టీలెందుకు? గిది జీపా, లారీయా?" అన్నాడు. తరువాత ఆయన చేసిన పని మీకు అర్థం కావాలంటే మీరూ ఒక పని చేయాలి.

ఒక స్కేలును సగం బల్ల బయటికి ఉంచి, రెండో సగాన్ని గట్టిగా అదిమి పట్టండి. బయటి కొసను వేలితో వంచండి. ఇప్పుడు రెండు స్కేళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి వంచండి. అంతే వంపుకు ఇంచుమించు రెట్టింపు బలం కావాలి. పట్టీలు పెంచితే జరిగేది ఇదే. బరువు మోస్తాయి, గాని చిన్న గతుకుకు వంగవు. వంగని కమాను దెబ్బను మింగదు, పైకి పంపుతుంది.

మరి మెత్తగా ఉంటే చాలునా? ఒక్క స్కేలును వంచి వదిలి చూడండి, టరటరమని ఊగుతూనే ఉంటుంది. జీపు అలా ఊగితే లోపలివాళ్ళకు వాంతులే! ఈ ఊపును చంపటానికి షాకబ్సార్బరు ఉంది. సూదిలేని ఇంజెక్షను సిరంజిలో నీళ్ళు నింపి మెల్లగా నొక్కండి, సులువుగా పోతాయి. ఒక్కసారిగా నొక్కండి, చేయి ఆగిపోతుంది. షాకబ్సార్బరులో నూనె ఇలాగే సన్నని రంధ్రాల గుండా దూరుతుంది. ఊపు ఎంత వేగమైతే అడ్డు అంత ఎక్కువ.

మేస్త్రి అదనపు పట్టీలు ఊడదీశాడు. తుప్పుపట్టి ఒకదానికొకటి అతుక్కున్న మిగతా పట్టీలను రుద్ది, నడుమ గ్రీజు పూసి తిరిగి కట్టాడు. నూనె కారిపోయిన షాకబ్సార్బర్లు తీసి కొత్తవి వేశాడు, అరిగిన రబ్బరు బుష్షులు మార్చాడు. అంతా ఒక పూట పని. యజమాని మాత్రం ముఖం ముడుచుకున్నాడు. వచ్చే జాతరకు జీపులో పదిమందే పడతారు మరి!

ఏ నేలమీదనైనా పోవాలని ప్రత్యేకంగా చేసిన బండ్లు కూడా ఉన్నాయి. 1970లో హోండా కంపెనీ అమ్మిన మూడు చక్రాల బండికి కమాన్లే లేవు. బూరల్లాంటి లావు టైర్లలో తక్కువ గాలి ఉంచి వాటినే పరుపుగా వాడారు. అయితే బూర మింగుతుంది గాని ఊపును చంపదు, అందుచేత తరువాతి బండ్లకు స్ప్రింగులూ షాకబ్సార్బర్లూ వచ్చాయి. ఇంజనీరింగు విద్యార్థులు ఇలాంటి బండ్లను సొంతంగా తయారుచేసి పోటీ పడే బాజా పందెం మన దేశంలో 2007 నుంచి జరుగుతున్నది. పెద్దయ్యాక మీలో ఎవరైనా వెళతారేమో!

అన్నట్టు, రామప్పగుడి కూడా నాకు ఈ కథనే గుర్తు చేస్తుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి పునాది కింద కాకతీయ శిల్పులు గొయ్యి తవ్వి ఇసుక నింపారు. నేల కదిలితే ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ కదలికను చాలావరకు తమలోనే ఉంచుకుంటాయి. నేలబండలు ఎగుడుదిగుడుగా కుంగాయి గాని గుడి నిలిచి ఉంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఆ పిల్లవాడి సంగతి చెప్పలేదు కదూ! పిండికట్టు విప్పించటానికి రెండు నెలల తరువాత అదే జీపులో, అదే దారిన బయలుదేరాం. జీపును చూడగానే వాడు ఏడుపు మొదలుపెట్టాడు. తండ్రి బుజ్జగించి ఎక్కించాడు. మొదటి గుంట వచ్చినప్పుడు వాడు కళ్ళు గట్టిగా మూసుకుని నా చొక్కా పట్టుకున్నాడు. జీపు ఒకసారి కిందికి వంగి, పైకి లేచి, ఊరుకుంది. వాడు ఒక కన్ను తెరిచి నాకేసి చూశాడు. పస్రా దాకా ప్రతి గుంటనూ లెక్కపెట్టాడు. ములుగు చేరేసరికి నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు.