అంతర్వేది దారిలో

పొద్దున్నే అమలాపురంలో బయల్దేరాను. చేరవలసింది అంతర్వేది. గోదావరి పాయ వసిష్ఠ సముద్రంలో కలిసేచోట వెలసిన నరసింహస్వామిని చూడాలి. అంబాజీపేటలో రోడ్డు పక్కనే కొబ్బరికాయల రాశులు, పీచు కుప్పలు, తాడు పేనుతున్న ఆడవాళ్లు. గన్నవరం దగ్గర పెద్ద రోడ్డు వదిలి లంకల గన్నవరం వైపు తిరిగాను. ఆకలన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి ఊరు చూడకుండా ఈ దారిన పోవడానికి మనసొప్పలేదు.

ఆమె 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం గారు వచ్చినవారికల్లా అన్నం పెట్టేవారట. జనం ఆయన్ని ‘బువ్వన్న’ అనేవారు. ఆ బువ్వన్న కూతురు డొక్కా జోగన్న గారి ఇల్లాలై ఈ లంకకొచ్చారు.

గోదావరి మరో పాయ వైనతేయ గట్టెక్కి నిలబడ్డాక ఆమె చేసిన పని ఎంతటిదో తెలిసింది. ఇప్పుడు వంతెన మీద చిటికెలో దాటే ఈ పాయను అప్పట్లో పడవలో దాటాలి. వరదొస్తే ఆ దారీ ఉండదు. పిల్లల్ని చంకనెత్తుకుని నడిచొచ్చినవాళ్లకి రేవులో అన్నం ఎక్కడిది? వాళ్లకి తెలిసిన గుమ్మం సీతమ్మ గారిది. ఏ వేళప్పుడు వెళ్లినా పొయ్యి రాజేసేవారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఒకసారి ఆమె కూడా అంతర్వేదికే బయల్దేరారట. దారిలో ఆగినచోట ఒక పెళ్లిబృందం కనిపించింది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, కాసేపట్లో సీతమ్మ గారిల్లు వస్తుందని పెద్దలు ఊరుకోబెడుతున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారు.

గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర రోజుల్లో, 1850ల్లో, ఈ వైనతేయ పాయ మీదుగా అవతలి లంకకు కాలువ నీళ్లు పంపడానికి 49 ఖానాల అక్విడక్టు కట్టారు. ఆ నీళ్లతో చేలు పచ్చబడ్డాయి. నాట్లు వేసి, కలుపు తీసి, ధాన్యం దంచి, అన్నం వండింది ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. తరవాత కట్టిన కొత్త అక్విడక్టుకు మాత్రం సీతమ్మ గారి పేరు పెట్టారు. పంటకు నీళ్లు మోసే కట్టడానికి అన్నం పెట్టిన తల్లి పేరు! ఆ పేరు చదివి నా కళ్లు చెమర్చాయి. ఆమె 1909లో కన్నుమూశారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనమూ ఆమె పేరు మీదే సాగుతోంది.

తిరిగి రోడ్డెక్కబోతుంటే, ఇందాక దారి చెప్పిన ఇల్లాలు గుమ్మంలోంచి పిలిచింది. “పన్నెండయిందండి, రెండు ముద్దలు తిని వెళ్లండి.”

“గుడి మూసేస్తారేమోనమ్మా,” అన్నాను.

“మా ఊరొచ్చి ఖాళీ కడుపుతో వెళ్తే మాకు మాటొస్తుందండి!”

చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. అరిటాకులో ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు. స్వామి దర్శనం సాయంత్రం చేసుకున్నాను.