ఎదురు చుట్టు

ఈకలతో ఈగను కట్టి చేపను మోసగించడం కూడా ఒక విద్యేనని మన కళాశాలలో చదువుకొనే రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకొనేవాణ్ణి. ఉద్యోగరీత్యా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రెండేళ్లు గడపవలసి వచ్చినప్పుడు ఆ విద్య పొరుగింట్లోనే ఎదురైంది.

ఆ ఇంటి పెద్దాయన కలప కోతలో జీవితం గడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. చలికాలపు సాయంత్రాలలో బల్లకు బిగించిన చిన్న వైసులో కొక్కేన్ని నిలిపి, దానిపై ఈకలూ దారమూ చుట్టుతూ ఉండేవారు. అవి ట్రౌట్ కోసం, స్టీల్‌హెడ్ కోసం. స్టీల్‌హెడ్ వేరే జాతి కాదు; రెయిన్‌బో ట్రౌట్‌లలో కొన్ని నదిని విడిచి సముద్రానికి పోయి, అక్కడ బలిసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగి వస్తాయి. వాటికే ఆ పేరు. పగెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. సహజంగా పుట్టినది గాలానికి చిక్కితే తిరిగి నీటిలో విడవవలసిందే. ఇంత శ్రమపడి పట్టి విడిచిపెట్టడమేమిటని నాకు ఆశ్చర్యం. నా ఆశ్చర్యం చూసి ఆయనకు ఆశ్చర్యం.

ఈగ గట్టిగా ఉండాలి, త్వరగా తయారు కావాలి, చేపను రప్పించాలి అనేవారాయన. త్వరెందుకని అడిగాను. గంటసేపు కట్టిన ఈగను రాళ్ల మధ్యకు విసరడానికి చేయి రాదట. చేప ఉండేది ఆ రాళ్ల మధ్యనే. ఇంగ్లండులో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ అసలు దారమే మానివేసి, సన్నని రాగితీగతోనే ఫెజంట్ పక్షి తోక ఈకపోగులను కొక్కేనికి చుట్టాడు. రెండే వస్తువులు. తీగ బరువుకు ఈగ మునుగుతుంది, పళ్లకు తెగదు. 1958లో వెలువడిన ఆయన పుస్తకాన్ని పెద్దాయన నాకు చూపించారు.

నేను నేర్చినది వూలీ బగర్ అనే రకం. 1967లో పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెసింగ్ రూపొందించినది. మెత్తని ఈకతో తోక, నూగుదారంతో ఒళ్లు, దానిపై తోక నుండి తల వరకు మెలికలుగా కోడిపుంజు ఈక. ఆ ఈకపై రాగితీగను ఎదురు దిక్కుగా చుట్టాలి. ట్రౌట్ పన్ను ఈక కాడను ఒకచోట తెంపినా, మిగిలినది ఊడకుండా తీగ ప్రతి మెలికనూ అదిమి ఉంచుతుంది. పెద్దాయన చూస్తున్నంతసేపూ చుట్టేవాణ్ణి. ఇంట్లో ఒంటరిగా కట్టుకొన్నప్పుడు మాత్రం మానివేశాను. రెండు నిమిషాలు కలిసివచ్చేవి. చూపులో తేడా తెలిసేది కాదు.

హైదరాబాదుకు తిరిగివచ్చాక ఆ పెట్టెను గర్వంగా అమ్మీకి చూపించాను. అమ్మీ జర్దోజీ పని చేస్తారు. నా కళాశాల రుసుము ఆమె అడ్డాపైన, ఆరీ సూది మొననుండి వచ్చినదే. అయినా సహాధ్యాయులు ఇంటికి వస్తున్నారంటే ముందుగా ఆ అడ్డాపై దుప్పటి కప్పేవాణ్ణి. అమ్మీ చూచేవారు, ఏమీ అనేవారు కాదు.

ఆమె కళ్లద్దాలు సవరించుకొని ఒక ఈగను వెలుతురుకు పట్టి చూచారు. గోటితో ఈక కాడను గీరారు. ఈక తెగి, చుట్టలు చుట్టలుగా విడిపోయి ఒడిలో పడింది.

“బేటా, దీన్ని చేప పళ్లతో పట్టదా?” అని అడిగారు.

నాకు జవాబు లేకపోయింది. ఆమె తన డబ్బాలోని సన్నని తీగ తీసి, మరో ఈగపై బిగించి చుట్టనారంభించారు. ఎటువైపు చుట్టాలో నేను చెప్పలేదు. ఈక ఎటు తిరిగిందో వేలితో తడిమి, తీగను దానికి ఎదురుగా నడిపారు. ఆ సాయంత్రం ఆరు ఈగలు పూర్తయ్యాయి. మగ్రిబ్ అజాన్ వినిపించాకనే లేచారు.

అటు వెళ్తున్న ఒక మిత్రుని చేతికి వాటినిచ్చి పంపుతూ పెద్దాయనకు ఉత్తరం వ్రాశాను. ఇవి మా అమ్మ కట్టినవి, ఆమె జర్దోజీ పనిలో చేయి తిరిగినవారు, ఆ పనితోనే నన్ను చదివించారు అని. ఆ మాటలను నేను కాగితంపై పెట్టడం అదే మొదలు. కళాశాలలో చేరినప్పటి దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట “గృహిణి” అని వ్రాసి ఉన్నాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఒక ఈగతో వరుసగా పదకొండు ట్రౌట్లను పట్టి విడిచారట. పన్నెండవసారి అది రాతి సందున చిక్కి గాలపు దారమే తెగిందట. ఈగ మాత్రం ఊడలేదని, మిగిలిన అయిదింటిని దాచుకొన్నానని వ్రాశారు. నేను చదివి వినిపిస్తే, “దాచుకోవడమెందుకు? ఇంకా కట్టి పంపుతామని వ్రాయి” అన్నారు అమ్మీ, అడ్డాపై నుండి చూపు మరల్చకుండానే.