తాళ్లరేవులో పడవ పలక

కాకినాడలో యానాం బస్సెక్కితే ముందు కోరంగి, ఆ తర్వాత తాళ్లరేవు. కోరంగి అనగానే ఇప్పుడు అందరికీ మడ అడవే గుర్తొస్తుంది కానీ ఒకప్పుడది పేరున్న ఓడరేవు. 1802లో అల్బట్రాస్ అనే బ్రిటిష్ యుద్ధనౌకకు ఇక్కడి డాక్‌లోనే మరమ్మతులు జరిగాయి. 1839 నాటి తుపాను ఆ వైభవాన్ని ఊడ్చేసింది. ఓడలు పోయాయి. పడవలు కట్టే పనితనం మాత్రం తాళ్లరేవు చుట్టుపక్కల మిగిలింది.

ఆ పనితనం చూడాలంటే వేసవిలో వెళ్లాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లోనే మరమ్మతులన్నీ!

కాలవగట్టున కొబ్బరిచెట్ల నీడలో ఓ చిన్న పడవకు డెక్కు మారుస్తున్నారు. పాతది చెక్కది. పైకి బాగానే ఉండేదట. కిరుడు రాత్రి వల లాగుతుంటే కుర్రాడి కాలు మోకాలిదాకా దిగబడిపోయింది. అందుకే ఈసారి ఫైబర్ పలకలు, అవీ సొంతంగా చేసుకున్నవి.

చూడ్డానికిది అప్పడాల పనిలా ఉంటుంది. మధ్యలో తేలికపాటి నురుగుబిళ్ల, దానికి కిందా పైనా గాజుపీచు మ్యాటు, అది తడిసేలా రెజిన్. రెండు పల్చటి పొరలే అయినా, మధ్య బిళ్ల వాటిని ఎడంగా పట్టి ఉంచుతుంది కాబట్టి మనిషి నిలబడినా పలక వంగదు. బరువు చెక్కకంటే చాలా తక్కువ. చవగ్గా వస్తుంది కదా అని బిళ్ల బదులు థర్మాకోల్ పెడితే మాత్రం గోవిందా! ఈ రకం రెజిన్ తగలగానే కరిగిపోతుంది.

కిలో రెజిన్‌కు హార్డెనర్ పది నుంచి ఇరవై గ్రాములు. రోళ్లు కాగే ఎండలో అది కూడా తగ్గించాల్సిందే. ‘‘ఆయ్, పదిగంటలు దాటితే డబ్బాలోనే బిగుసుకుపోద్దండి’’ అన్నాడు మేస్త్రి. తెల్లవారుజామున మొదలెట్టి ఎండెక్కేలోపు ఆపేస్తారు. హార్డెనర్‌నూ, రెజిన్‌ను త్వరగా గట్టిపరిచే కోబాల్ట్ మందునూ నేరుగా కలిపితే మంట లేస్తుంది. అందుకే ఆ రెండు సీసాలూ చెరో మూలన ఉన్నాయి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అయినా కళ్లద్దాలు ఒక్కరికే ఉన్నాయి, అవీ నెత్తిమీద!

మేస్త్రి అసలు శ్రద్ధంతా అంచుల మీద, మేకుల చోట. బోల్టు బిగించే చోట నురుగు తీసేసి గట్టి చెక్కముక్క పెడతాడు. లేకపోతే బిగింపుకు పలక నలిగిపోతుంది. రంధ్రం వేశాక దాని లోపలి గోడకూ రెజిన్ పూస్తాడు. నీళ్లు దూరేది అక్కడే మరి. పాత డెక్కు కుళ్లింది కూడా మేకుల వరసలోనే. చివరి పూత తడిగా ఉన్నప్పుడే జల్లించిన పొడి ఇసుక చల్లుతారు, తడి కాళ్లు జారకుండా.

ఆరిన పలకల్ని వరసగా పేర్చి, రూపాయి బిళ్లతో కొడుతూ వెళ్లాడు మేస్త్రి. టక్... టక్... మూడో పలక మీద ఒకచోట శబ్దం డొల్లగా మారింది. పొర అతుక్కోలేదన్నమాట. సుద్దముక్కతో గుండ్రంగా గీసి, గ్రైండర్ తెమ్మని కేకేశాడు.