శాటిలైట్ అంటే ఏ శాటిలైట్?

చాలా రోజులకి పెద్ద పోస్టు రాస్తున్నాను, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఈమధ్య మన ఊళ్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. సర్వే రాళ్ల దగ్గర తేడా వచ్చి అడిగితే "శాటిలైట్ కొలిచిందండీ, ఇంకేం మాట్లాడతారు" అంటారు. బీమా డబ్బులు పడలేదేంటని అడిగితే "శాటిలైట్‌లో మీ చేలు బాగానే ఉన్నాయి" అంటారు. పొలం అమ్ముతారా అని వచ్చే బ్రోకరు "ఇటు శాటిలైట్ టౌన్‌షిప్ వస్తోంది బాబాయ్, ఇప్పుడే ఇచ్చేయండి" అంటాడు. ఇంటికొచ్చి టీవీ పెడితే ఫలానా సినిమా శాటిలైట్ రైట్సు ఇన్ని కోట్లకి పోయాయని వార్త. మాట ఒకటే, సంగతులు నాలుగు. అందులో మూడిటికి మన పొలంతో పనుంది. అందుకే దీని సంగతేంటో చూద్దామని కూర్చున్నాను.

అసలిది ఆకాశం మాటే కాదండి. పాత లాటిన్ భాషలో 'సాటెల్లెస్' అంటే దొర వెంట తిరిగే బంటు. 1610 జనవరిలో ఇటలీలో గెలీలియో దుర్భిణితో గురుగ్రహాన్ని చూస్తే పక్కన నాలుగు చుక్కలు కనపడ్డాయి. రోజూ చూస్తే అవి గురుడి చుట్టూనే తిరుగుతున్నాయి. ఆయన వాటికి తన ఊరేలే మెడిచీ ప్రభువుల పేరు పెట్టాడు. (పథకాలకి ఎవరి పేర్లు పెడతారో మనకి తెలిసిందే, నాలుగు వందల ఏళ్ల కిందటా అంతే.) ఆ తర్వాత కెప్లర్ అనే జర్మనీ పండితుడు వాటిని శాటిలైట్లు అన్నాడు. గురుడి వెంట తిరిగే బంట్లు అని. మనం ఉపగ్రహం అన్నాం. ఉపసర్పంచిలో ఉన్న 'ఉప'నే ఇదీ. 1957 అక్టోబరు 4న రష్యా వాళ్లు మొట్టమొదట ఒకదాన్ని తయారుచేసి పైకి పంపినప్పుడు స్పుత్నిక్ అని పేరు పెట్టారు. వాళ్ల భాషలో తోటి ప్రయాణికుడని అర్థం. పేరు మర్యాదగానే పెట్టారు గానీ, అప్పట్లో వాళ్ల చెప్పుచేతల్లో ఉన్న తూర్పు యూరప్ దేశాల్ని మాత్రం లోకమంతా శాటిలైట్ దేశాలనే పిలిచింది. ఈ అర్థానికి మన రాజకీయాల్లో ఇంకా మంచి మాట ఉంది: తోక పార్టీ.

కాబట్టి శాటిలైట్ అని ఎవరన్నా అంటే నాకు ముందు వచ్చే ప్రశ్న, ఎవరి చుట్టూ తిరిగే శాటిలైట్ అని.

టౌన్‌షిప్ సంగతి తీసుకోండి. పెద్ద నగరం చుట్టూ తిరిగే చిన్న ఊరు అది. ఉద్యోగం, ఆసుపత్రి, బజారు నగరంలో, పడక ఇక్కడ. సికింద్రాబాద్ స్టేషన్ మీద ఒత్తిడి తగ్గించడానికి చర్లపల్లిలో కట్టిన టెర్మినల్‌ని శాటిలైట్ టెర్మినల్ అన్నదీ, బెంగళూరులో మైసూరు రోడ్డు బస్టాండుని శాటిలైట్ బస్టాండు అన్నదీ ఇందుకే. వాటితో మనకి ఇబ్బంది లేదు. కానీ ఒక ఊరు శాటిలైట్ అయిందంటే ఆ రోజు నుంచి ఎకరం ధర పంటని బట్టి ఉండదు, రింగు రోడ్డు దూరాన్ని బట్టి ఉంటుంది. పక్కవాడు అమ్మి, ప్లాట్లు వేసి, బోదె పూడ్చేస్తే మధ్యలో మిగిలినవాడికి నీళ్లు ఎట్లా వస్తాయి? బ్రోకరు ఈ సంగతి ఎప్పుడూ చెప్పడు. అప్రూవల్ కాగితం చూపించమంటే ఫోన్లో రంగుల బొమ్మ చూపిస్తాడు.

సినిమా రైట్సుతో మనకి పనిలేదు గానీ ఒక్క ముక్క. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా వాళ్ల ఉపగ్రహం ఒకటి తీసుకుని మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ టీవీల్లో వచ్చినవి ఎక్కువగా వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు. శాటిలైట్ టీవీ మన పల్లెకి మొదట వచ్చింది రైతు కోసం. ఇప్పుడు ఆ మాట వింటే కోట్ల లెక్కే గుర్తొస్తుంది.

ఇక మన చేలోనే ఉన్న శాటిలైట్. ఇది చాలామందికి తెలియదు, వ్యవసాయ శాస్త్రవేత్త ఒకాయన చెబితే నేనూ ఆశ్చర్యపోయాను. మిరపలో జెమినీ వైరస్ అని మనం అనుకునే ఆకుముడత ఉంది కదా, బెండలో ఈనెలు పసుపెక్కి పోయే పల్లాకు తెగులు ఉంది కదా, ఈ రెండింటిలోనూ అసలు వైరస్ వెంట ఒక చిన్న బంటు తిరుగుతుంటుంది. దాని పేరు బీటా శాటిలైట్. అసలు వైరస్‌లో సగం ఉంటుంది. సొంతంగా పెరగలేదు. ఒంటి మీద సొంత తొడుగు కూడా లేదు, అసలు వైరస్ తొడుగులోనే దూరి తెల్లదోమ ఎక్కి పక్క చేలోకి పోతుంది. టిక్కెట్టు లేని ప్రయాణం. కానీ మొక్క తనని తాను కాపాడుకోవడానికి చేసే ప్రయత్నాన్ని దెబ్బకొట్టేది ఈ బంటే. బెండ మీద మన దేశంలోనే ప్రయోగం చేశారు. అసలు వైరస్ ఒక్కటే ఎక్కిస్తే ఆకు కొద్దిగా ముడుచుకుంది, అంతే. బంటుని కూడా కలిపి ఎక్కిస్తే ఈనెలు పసుపెక్కి అసలు తెగులు బయటపడింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, ఆ బాపతు.

ఈ వైరస్‌ని గానీ దాని శాటిలైట్‌ని గానీ చంపే మందు ఏ షాపులోనూ లేదు. ఉందని ఎవరన్నా అమ్మితే డబ్బులు దండగ. మన చేతిలో ఉన్నది తెల్లదోమని ఆపడమే. నారుమడికి సన్నకన్ను నైలాన్ నెట్టు కట్టడం, పసుపు జిగురు అట్టలు పెట్టడం, గట్ల మీద కలుపు లేకుండా చూసుకోవడం, ముడత పడిన మొక్కని మొదట్లోనే పీకి తగలబెట్టడం. పీకి గట్టు మీద పడేస్తే లాభం లేదు, తెల్లదోమకి గట్టెంత దూరం?

ఇప్పుడు పైనున్న వాటి గురించి. మనతో పనున్నవి మూడు రకాలు, మూడింటినీ కలిపి ఒకే పేరుతో పిలవడం వల్లే మనల్ని నోరు మూయించడం తేలికైపోయింది.

ఒకటి వాతావరణానిది. భూమి నుంచి 36 వేల కిలోమీటర్ల పైన, ఎప్పుడూ మన నెత్తి మీదే నిలబడినట్టు ఉంటుంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన నాటికి మనకి ఇలాంటిది సొంతంగా లేదు. 1983లో ఇన్సాట్-1బి వచ్చింది. ఇవాళ తుపాను సంగతి నాలుగైదు రోజుల ముందే తెలుస్తోందంటే వీటి పుణ్యం కూడా ఉంది, ఆ మేలు నేను కాదనను. కానీ ఇన్సాట్-3డి బొమ్మలో సన్నగా చూపించే గడి కూడా కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు. అంటే 247 ఎకరాలు ఒక్క చుక్క. అది మేఘాన్ని చూస్తుంది, మన చేనుని కాదు.

రెండోది సర్వే వాళ్లు చెప్పేది. ఫోన్లో మ్యాపు చూపించేదీ ఈ రకమే. ఇవి అసలు ఫొటోనే తియ్యవండి. 20 వేల కిలోమీటర్ల పైన తిరుగుతూ టైము చెబుతూ ఉంటాయి. కింద ఉన్న పరికరం కనీసం నాలుగింటి మాట విని తాను ఎక్కడున్నదో లెక్క కట్టుకుంటుంది. మామూలు ఫోన్లో నాలుగైదు మీటర్లు తేడా రావచ్చు. సర్వే వాళ్ల రోవర్‌కి నేల మీద ఉన్న స్టేషన్ నుంచి సవరణ అందుతుంది కాబట్టి సెంటీమీటర్లలో చెబుతుంది. అంత బాగా చెప్పేది ఏంటి? రోవర్ కర్ర ఎక్కడ ఆనించారో ఆ చోటు. గట్టు ఎక్కడిదో దానికి తెలియదు. కర్ర పక్కవాడి వైపు మూరెడు జరిపి పెడితే ఆ మూరెడు తప్పుని కూడా సెంటీమీటరు పోకుండా రాస్తుంది. కొలత రోజు పొలంలో మనం ఉండాలి, పక్క రైతు కూడా ఉండాలి, కర్ర పెట్టే చోటు చూడాలి. ఆ తర్వాత శాటిలైట్‌తో పోట్లాడి ఉపయోగం లేదు.

మూడోది ఫొటోలు తీసేది. మన పంట డబ్బులు ఆధారపడేది దీని మీద. ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 జంట ఒక చోటికి 5 రోజులకోసారి వస్తుంది, గడి పది మీటర్లు. పది పదులు నూరు చదరపు మీటర్లు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. ఎకరానికి 40 గడులు. మన రిసోర్స్‌శాట్‌లో ఒక కెమెరా గడి 23.5 మీటర్లు, అంటే పదమూడున్నర సెంట్లు. అరెకరం ముక్క ఉన్నవాడికి అందులో మూడు నాలుగు గడులే వస్తాయి, వాటిలోనూ గట్టు, చెట్టు, పక్కవాడి పైరు కలిసిపోతాయి.

ఇంకో చిక్కు మబ్బు. ఫొటో కెమెరా మబ్బులోంచి చూడలేదు. వానలు ముంచే రోజుల్లోనే మనకి నష్టం, అప్పుడే దానికి కళ్లు కనపడవు. మబ్బులోంచి చూసే రాడార్ రకం వేరే ఉంది. 2022 ఫిబ్రవరి 14న మన శ్రీహరికోట నుంచే ఈఓఎస్-04 అని ఒకటి పంపారు. నీళ్లు నిలబడ్డ వరిపొలాన్ని అవి బాగానే పట్టుకుంటాయి. కాబట్టి ఏ రకం చూసి చెప్పారన్నది చిన్న ప్రశ్న కాదు.

పోయిన ఖరీఫ్‌లో మా ఊళ్లో కోతకొచ్చిన వరి వానకి పడిపోయింది. వారం రోజులు నీళ్లలో నానింది. కంకి మీదే మొలకలొచ్చాయి. మాసూళ్లు చేస్తే నాకు ఎకరానికి పన్నెండు బస్తాలు, వాటిలోనూ సగం రంగు మారినవే. బీమా గురించి వెళ్లి అడిగితే ఒక ఆఫీసులో కుర్రాడు కంప్యూటరు తిప్పి చూపించాడు. "మీ ఊరంతా పచ్చగా ఉందండీ" అన్నాడు. నేను చెప్పింది ఒకటే. "బాబూ, అది చూసేది ఆకు పచ్చదనాన్ని, గింజని కాదు. కంకి మీద మొలకలొస్తే పైనుంచి ఇంకా పచ్చగా కనపడదా? ఇంతకీ ఈ బొమ్మ ఏ తేదీది?" తేదీ అతనికి తెలియదు. అతన్నేం అంటాం, మా అబ్బాయి వయసు.

ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరికి, గోధుమకి యెస్-టెక్ అని ఒక పద్ధతి పెట్టారు. దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం ఈ రిమోట్ సెన్సింగ్ అంకెకి ఇవ్వాలి, మిగతాది పంటకోత ప్రయోగానిది. అంటే ఆ మిగతా భాగానికి పొలంలో కోసి, తూచి చూడాల్సిందే. పైగా వరికి యూనిట్టు ఊరు, ఒక్క రైతు కాదు. అందుకని మేం పదకొండు మందిమి కలిసి ఒకే అర్జీ రాశాం. బొమ్మ ఏ ఉపగ్రహానిది, ఏ తేదీది, గడి ఎంత, మబ్బు ఉందా లేదా, మా ఊళ్లో పంటకోత ప్రయోగం ఏ సర్వే నంబర్లలో చేశారు, ఎన్ని కిలోలు వచ్చాయి. ఆరే ప్రశ్నలు. పడిపోయిన చేల ఫొటోలు తేదీ కనపడేట్టు జత చేశాం.

అర్జీ ఇచ్చి పందొమ్మిది రోజులైంది. రసీదు నా దగ్గరే ఉంది. మీ ఊళ్లో ఎవరికన్నా అర్జీ నమూనా కావాలంటే అడగండి, ఫొటో పెడతాను. జవాబు వస్తే అదీ ఇక్కడే పెడతాను.