కోరంగి మడ అడవుల్లో ఒక పూట

కాకినాడకు చేరువలో గోదావరి సముద్రాన్ని కలిసే చోట కోరంగి అభయారణ్యం ఉంది. 1978 నుండి రక్షణలో ఉన్న ఈ మడ అడవిలో కుటుంబమంతా చెక్క వంతెనపై నడవవచ్చు. పోటు వేళ పడవ ఎక్కవచ్చు.

మేము వెళ్ళినప్పుడు ఆటు. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లను చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. గాలి చొరని ఆ బురదలో చెట్టు వాటితోనే శ్వాసిస్తుందని, పీల్చిన ఉప్పును తెల్లమడ ఆకుల ద్వారా విసర్జిస్తుందని వివరించాము. ఒక బాలిక ఆకును నాలుకకు తాకించి, "నిజమే, ఉప్పగా ఉంది!" అన్నది.

తుపాను అలల ఉద్ధృతిని తగ్గించి తీర గ్రామాలను కాచేవి ఈ చెట్లే. వేర్లపై ప్లాస్టిక్ సంచులు పేరుకుంటే వాటికి ఊపిరాడదు. అందుకే భోజనానంతరం పిల్లల చేతనే ఖాళీ సీసాలు, సంచులు ఏరించి వెంట తెచ్చుకున్నాము. సృష్టి మన వద్దనున్న అమానతు అని తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పాము. వారికి అది అర్థమైనది అక్కడే.