మంచానికీ స్టీరింగుకీ మధ్య

"ఒక్కరే ఆడవాళ్ళయితే గది ఇవ్వమండీ. మా ఓనరు ఒప్పుకోడు" అన్నాడు లాడ్జి కుర్రాడు.

అప్పటికి నా వయసు యాభై తొమ్మిది. చేతిలో ఆధార్ కార్డు ఉంది. పర్సులో డబ్బులున్నాయి. ముప్పై మూడేళ్ళు గవర్నమెంటు బడిలో పాఠాలు చెప్పిన గొంతుంది. ఒక్కటీ పనికి రాలేదు. "మీ సారు గానీ అబ్బాయి గానీ వస్తే చెప్పండి, వెంటనే ఇచ్చేస్తాం" అన్నాడు మర్యాదగా. తిట్టి ఉంటే పోట్లాడేదాన్నేమో. మర్యాదతో ఎలా పోట్లాడతాం?

మన్యంలో డిసెంబరు చలి. బస్టాండు బెంచీ మీద శాలువా కప్పుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తెల్లారే దాకా కూర్చున్నాను. దాహం వేసినా నీళ్ళు తాగలేదు. తాగితే చీకట్లో ఎక్కడికి వెళ్ళాలి? ఆడవాళ్ళం ఈ లెక్క చిన్నప్పుడే నేర్చుకుంటాం. మరుగుదొడ్డి లేని బళ్ళలో పనిచేసిన రోజుల్లో పొద్దున్న కాఫీ తప్ప సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగని టీచర్లం ఎంతమందిమో! రిటైరయ్యాక కొండలు చూద్దామని బయల్దేరితే ఆ లెక్క నా వెనకాలే బస్సెక్కి వచ్చింది.

ఆ బెంచీ మీదే అనుకున్నాను, నాకో బండి కావాలని. అందులో నేను పడుకోగలగాలి. దానికి నేనే తాళం వేసుకోగలగాలి.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వారు. "నేనూ వస్తాను కదా, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళతాను" అన్నారు. పాపం, ఆ మాట ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. స్టీలు ప్లాంటు షిఫ్టులు, పిల్లల చదువులు, అత్తగారి మంచం... మా ఇద్దరికీ కలిసొచ్చిన సెలవుల్లో అన్నవరం, సింహాచలం, ఒక్కసారి అరకు. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకి ప్రయాణమంటే చేరవలసిన చోటు, నాకు మాత్రం దారే ప్రయాణం. తేడా అంతే. కానీ ఆ తేడాకి ఇంట్లో ఎప్పుడూ చోటు దొరకలేదు.

గాజువాకలో ఉంటూ బండి కోసం వేరే ఊరు వెళ్ళక్కర్లేదు. ఒక పక్క ఉక్కు పోత పోసే ఊరు, ఇంకో పక్క ఇనుముని కోసి, అతికి, సానపట్టే ఆటోనగర్. ముప్పై ఏళ్ళు దాని ముందు నుంచే బడికి వెళ్ళాను గానీ ఒక్క షెడ్డులోకీ అడుగు పెట్టలేదు. నలభై అయిదో ఏట డ్రైవింగు నేర్చుకుని మా చిన్న కారు నేనే నడిపేదాన్ని. రిపేరుకి మాత్రం ఆయనే తీసుకెళ్ళేవారు. మా ఇంట్లో నడపడం దాకా నాది, బానెట్టు ఎత్తడం ఆయనది!

ముందు నాకేం కావాలో నాకే తెలీదు. "క్యాంపర్ వ్యాన్" అని మా అమ్మాయి చెప్పింది. మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉండే బండి. విదేశాల్లో రిటైరయిన వాళ్ళు అలాంటివి కొనుక్కుని అడవులు తిరుగుతారట. మన దగ్గర అవి అరుదు. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం మొదలుపెట్టింది గానీ అవి అద్దెకి తిప్పే పెద్ద బళ్ళు. గాజువాకలో క్యాంపర్ కావాలని అడిగితే అందరూ చూపించింది ఒక్కటే, మహీంద్రా బొలెరో క్యాంపర్. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిను, వెనక సామాన్ల తొట్టి. కరెంటు లైన్ల వాళ్ళూ, కాంట్రాక్టర్లూ తిప్పే బండి. పేరులో క్యాంపు ఉంది గానీ మంచం లేదు!

పోనీ ఒక వ్యాను కొని లోపల మంచం, అలమర కట్టిద్దామా అంటే అదీ అంత తేలిక కాదు. తయారైనప్పటి వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. పైకప్పు కోసి ఎత్తు పెంచినా, సీట్లు పీకేసినా రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు. అందుకని బండిని కోయకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలిగే చెక్కమంచం పట్టే బండి చూసుకోవాలి.

కొండదారుల కోసం నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి కావాలి. మామూలు బండిలో రెండు చక్రాలే లాగుతాయి. బురదలో ఆ రెండూ జారితే ఇక అక్కడే. ఫోర్ వీల్ బండిలో ఇంకో లివరో, మీటో ఉంటుంది. దాన్ని తిప్పితే మిగతా రెండూ లాగుతాయి. లో గేరులో పెడితే చక్రం మెల్లగా, మహా బలంగా తిరుగుతుంది. దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండానే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

మారుతి జిప్సీ చూసాను. 1985లో వచ్చిన ఆ బండి ఇప్పుడు తయారవడం లేదు గానీ పాతవి దొరుకుతాయి. తేలికగా కొండ ఎక్కేస్తుంది. కానీ నేను చూసినదానికి గుడ్డ టాపు. బ్లేడుతో కోసేయొచ్చు. అందులో నిద్రపడుతుందా? ఫోర్స్ ట్రావెలర్ చూసాను. లోపల హాయిగా నిలబడొచ్చు, చీర కూడా మార్చుకోవచ్చు. కానీ లాగేవి వెనక చక్రాలే. బొలెరో క్యాంపర్లో ఫోర్ వీల్ రకం ఉంది. బలమైనదే. వెనక తొట్టి మీద గూడు పెట్టించుకుంటే మంచం కూడా పడుతుంది. చూపించినతను ఉత్సాహంగా లోపలికి ఎక్కి పడుకుని మరీ చూపించాడు.

నేనూ పడుకుని చూసాను. అప్పుడు ఒక ప్రశ్న తట్టింది. అర్ధరాత్రి ఎవరైనా వచ్చి బండి తట్టారనుకోండి, నేనేం చెయ్యాలి? తొట్టి తలుపు తీసి, కిందకి దిగి, చీకట్లో చుట్టూ నడిచి, డ్రైవరు తలుపు తీసి, అప్పుడు స్టీరింగు ముందు కూర్చోవాలి. అంటే పారిపోవడానికి ముందు వాళ్ళకి ఎదురెళ్ళాలన్న మాట!

ఆ మాట చెబితే అతను విచిత్రంగా చూసాడు. "ఇలా ఎవరూ అడగలేదండి మేడమ్" అన్నాడు. నిజమే, అడిగి ఉండరు. మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, టైర్లు కొత్తవా అని అడుగుతారు. తలుపు తీయకుండా మంచం మీంచి స్టీరింగు దగ్గరికి వెళ్ళగలనా అన్నది ఆడవాళ్ళకి మాత్రమే వచ్చే ప్రశ్న. ఆ రోజు నుంచీ నా చేతిలో ఉన్న కొలబద్ద అదే. ఆ కొలతకి నిలవని బండి ఎంత మంచిదైనా నాది కాదు.

అలా వెతికి వెతికి పాత స్కార్పియో ఫోర్ వీల్ దగ్గర ఆగాను. నాయకులూ, వాళ్ళ వెనక తిరిగే కుర్రాళ్ళూ వాడే బండి అది. సినిమాల్లో సుమోలు గాల్లోకి లేస్తే, బయట రోడ్ల మీద స్కార్పియోలు హారను కొడుతూ మనల్ని పక్కకి తోస్తాయి. నేనూ దానికి దారి ఇచ్చినదాన్నే. ఇప్పుడు దాని వెనక సీట్లు మడిచి, చేతిలో టేపు పట్టుకుని కొలిచాను. ముందు సీటు కాస్త జరిపితే అయిదున్నర అడుగులు. నేను అయిదడుగుల ఒక అంగుళం. పొట్టిదాన్నని పెళ్ళిచూపుల్లో వంక పెట్టిన వాళ్ళందరినీ ఆ క్షణాన క్షమించేసాను.

బండి చూసి పెట్టడానికి ఆటోనగర్లో ఒక ముసలి మేస్త్రీ ఒప్పుకున్నాడు. మొదటి రోజు ఆయనా "సారు రాలేదా అమ్మా?" అనే అడిగాడు. రెండోరోజూ అడిగాడు. మూడోరోజు నేను ముతక చీర కట్టుకుని వెళ్ళి, గోనెపట్టా పరిచి బండి కిందకి దూరాను. ఇక అడగలేదు.

"ఇంజనుదేటుందమ్మా, బాగు సేసుకోవచ్చు. ఛాసిస్ ఎముక. అది పుచ్చిపోతే ఏటీ సెయ్యలేం" అన్నాడు. మన సముద్రం గాలి సంగతి గాజువాక వాళ్ళకి చెప్పక్కర్లేదు, కిటికీ ఊచల్నే తినేస్తుంది. మొదట చూసిన స్కార్పియో కింద నల్లరంగు నిగనిగలాడుతోంది. నాకు ముచ్చటేసింది. మేస్త్రీకి అనుమానమేసింది. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోయాడు. టంగు టంగుమన్నది ఒకచోట టపటపమంది. వేలితో నొక్కితే రంగు కింద తుప్పు పెచ్చులుగా రాలింది. కొత్తగా రంగేసిన చోటే ముందు అనుమానించాలని నేర్చుకున్నాను. బడిలో ఇనస్పెక్షను ముందు రోజు వేసే సున్నం గుర్తొచ్చింది.

రెండోది 2012 బండి, ఎక్కువగా మైదానంలోనే తిరిగింది. చెప్పకుండా పొద్దున్నే వెళ్ళమన్నాడు మేస్త్రీ. బానెట్టు మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగు జబ్బు కనబడదు. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిలు తాగుతోందని, స్టార్టు చేసి చాలాసేపయ్యాకా తెల్లగా వస్తూనే ఉంటే లోపలికి నీళ్ళు దిగుతున్నాయేమో చూసుకోవాలని చెప్పాడు. నాలుగు టైర్లూ ఒకటే సైజా, ఒకేలా అరిగాయా అని చూపించాడు. ఫోర్ వీల్ బండికి అది ప్రాణం. ఆ మీట పనిచేస్తుందో లేదో ఎండిన తారురోడ్డు మీద చూడొద్దన్నాడు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం తిరగవు. జారే చోటు లేకపోతే గేర్లు బిగుసుకుపోతాయి. ఖాళీ స్థలంలో బురద వెతుక్కుని మీట తిప్పాను. బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని ముందుకి నడిచింది. అరవయ్యో ఏట నా చేతుల్లో అంత బలం ఎప్పుడూ లేదు!

ధర నాలుగు లక్షల ఎనభై వేలు. నా గ్రాట్యుటీ డబ్బు. అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30, పాత చలానాలు, ఇన్సూరెన్సు అన్నీ నేనే చూసుకున్నాను. ఫారంలో "ఫలానా వారి కుమారుడు, భార్య, కుమార్తె" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఇన్నాళ్ళూ అన్ని కాగితాల మీదా భార్యనే. ఈసారి నాన్న పేరు రాసాను. అదీ మగపేరే అనుకోండి. తల్లి పేరుకి అక్కడ గడి లేదు.

మా వీధి వడ్రంగి మడిచే చెక్కమంచం చేసి ఇచ్చాడు. కిటికీలకి దోమతెర, లోపలివైపు నల్లగుడ్డ తెరలు. మూతున్న బకెట్టు, రంపపు పొట్టు, పొడుగాటి గుడ్డ గుడారం. ఇవి లేకపోతే మిగతావన్నీ ఉండీ లాభం లేదు. కిటికీలు వేళ్ళ సందంత తీసి పడుకోవాలి, ఏసీ కోసం ఇంజను వేసుకుని పడుకోకూడదు, లోపల పొయ్యి వెలిగించకూడదు. విషవాయువుకి వాసన ఉండదు. ఈ మూడూ మా ఆయనే కాగితం మీద రాసి అద్దం దగ్గర అతికించారు. అది ఆయన ఒప్పుకోలు.

నాతోపాటే రిటైరయిన హిందీ టీచరూ నేనూ బయల్దేరాం. అనకాపల్లి, చోడవరం, మాడుగుల మీదుగా ఘాటీ ఎక్కి పాడేరు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక అదే జిల్లా కేంద్రం. జి.మాడుగుల దాటాక సంత నుంచి తిరిగి వెళ్తున్న ఆడవాళ్ళు కనిపించారు. రాత్రికి బండి ఎక్కడ ఆపుకోవచ్చో వాళ్ళనే అడిగాం. ఒక పెద్దావిడ బండిలోకి తొంగి చూసి, మంచం మీద చెయ్యి వేసి, జాలిగా అడిగింది.

"ఏటమ్మా, ఇంట్లో సోటు సాల్లేదా?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాం. అంత సూటిగా నన్నెవరూ అడగలేదు మరి.

"ఈ బండి మా ఊరికి ఎక్కుతాదా?" అందావిడ తర్వాత. పైన నాలుగు కిలోమీటర్ల మట్టిదారి. పోయిన వానల్లో కోడలికి నొప్పులొస్తే కర్రకి దుప్పటి కట్టి డోలీలో ఆ దారినే మోసుకొచ్చారట. బిడ్డ దారిలోనే పుట్టిందట. బతికిందని చెప్పినప్పుడు గానీ నాకు ఊపిరి రాలేదు.

చెక్కమంచం మడిచి, వాళ్ళ మూటలూ, నలుగురు ఆడవాళ్ళనీ ఎక్కించుకుని లో గేరు వేసాను. నేను ముచ్చటపడి, ఏడాది వెతికి కొనుక్కున్నది వాళ్ళకి ప్రతి వానాకాలం కావలసిన వస్తువు. నాకది విహారం, వాళ్ళకి ఆస్పత్రి. ఒక్క పాత స్కార్పియో రోడ్డుకి బదులు కాదని నాకు తెలుసు. మేం దిగి వెళ్ళిపోయాక ఆ దారి మళ్ళీ అలాగే ఉంటుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. లాడ్జిలో నాకు తలుపు మూసిన రాత్రి, నేనే లోకంలో అందరికన్నా చోటు లేనిదాన్ననుకున్నాను. ఆ కొండెక్కేదాకా అలాగే అనుకుంటూ ఉన్నాను. నా కోపం తప్పు కాదు. కానీ నా కోపానికి ఇన్నాళ్ళూ పక్కింటి వాళ్ళు లేరు. ఇప్పుడున్నారు.

ఆ రాత్రి వాళ్ళ బడి ముందే బండి ఆపుకున్నాం. పెద్దావిడ వచ్చి, "సలి, తలుపేసుకోండి" అని చెప్పి వెళ్ళింది. తాళంచెవి దిండు కింద పెట్టుకున్నాను. మంచం మీంచి స్టీరింగు దగ్గరికి ఒకసారి వెళ్ళి కూర్చుని, మళ్ళీ వచ్చాను.

పడుకోబోయే ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.