తప్పుంటేనే గిరాకీ

హాస్య పుస్తకాల మొదటి ముద్రణలు పోగుచేసేవాళ్లంత గంభీరమైన మనుషులు నాకు ఇంకెక్కడా కనపడలేదు. పేజీలో నవ్వు ఎక్కడుందో వాళ్లకి పట్టదు, అచ్చుతప్పు ఎక్కడుందో చూస్తారు. కొనే స్తోమత లేని నాబోటివాడు వేలంపాటల కేటలాగులు చదువుకుని తృప్తిపడతాడు. ఆ కేటలాగుల్లో దొరికే వినోదం అసలు పుస్తకాలకేమీ తీసిపోదు.

డికెన్స్ 'పిక్విక్ పేపర్స్' సంగతే చూడండి. 1836 ఏప్రిల్‌లో చాప్‌మన్ అండ్ హాల్ వాళ్లు దాన్ని నెలకో సంచికగా మొదలుపెట్టారు. ఆకుపచ్చ అట్ట, ధర షిల్లింగు. అసలు ముచ్చట బొమ్మలది. రాబర్ట్ సీమోర్ అప్పటికే పేరున్న చిత్రకారుడు. ఆయన బొమ్మలకి తగ్గట్టు నాలుగు ముక్కలు రాసిపెట్టమని ఇరవై నాలుగేళ్ల డికెన్స్‌ని పిలిచారు. కుర్రాడు బొమ్మల్నే తన కథ వెనక నడిపించాడు. రెండో సంచిక రాకముందే సీమోర్ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. నవ్వుల పుస్తకానికి ఇలాంటి ఆరంభం! తర్వాత వచ్చిన బస్ అనే చిత్రకారుడు మూడో సంచికకి రెండు బొమ్మలు వేసి పని పోగొట్టుకున్నాడు. అప్పుడొచ్చాడు 'ఫిజ్' అని సంతకం చేసే హేబ్లో బ్రౌన్. చివరిదాకా ఆయనే.

నచ్చని బస్ బొమ్మలు తీసేసి వాటి చోట ఫిజ్ బొమ్మలు పెట్టారు. అందుకే ఇవాళ బస్ బొమ్మలున్న మూడో సంచిక కనపడితే చాలు, కళ్లకద్దుకుంటారు. చివరి సంచికతో ఇచ్చిన ముఖపత్రం బొమ్మలో సత్రం బోర్డు మీద కథలోని వెల్లర్ పేరు ముందు డబ్ల్యూకి బదులు వీ అక్షరంతో పడింది, తర్వాత సరిచేశారు. కావలసింది సరిచేయనిది. భూతద్దాలు బయటికి వచ్చేది ఇక్కడే. బైండు చేసిన ప్రతి అయితే పుట లోపలి అంచున సన్నటి చిల్లుల కోసం వెతుకుతారు. అవి నెలనెలా వచ్చిన సంచికల్ని కుట్టిన సూది గుర్తులు. అవి ఉన్నాయంటే ఆ పుస్తకం ఒకప్పుడు విడి సంచికలుగా ఎవరింటికో చేరిందన్నమాట.

అయితే తప్పుల్లో రాజు 'హకిల్‌బెరీ ఫిన్'. మార్క్ ట్వెయిన్ దాన్ని దుకాణాల్లో కాదు, ఏజెంట్ల చేత ఇంటింటికీ తిప్పించి, ముందే చందాలు రాయించి అమ్మించాడు. నమూనా ప్రతులు ఏజెంట్ల చేతికి వెళ్లిపోయాక బయటపడింది సంగతి. 283వ పేజీలో కెంబుల్ గీసిన పాపం సైలస్ బాబాయి బొమ్మలో, పంట్లాం ముందు భాగాన, చెప్పుకోరాని గీత ఒకటి అచ్చు పలక మీదే ఎవడో చెక్కి పెట్టాడు. పట్టిస్తే 500 డాలర్లు బహుమానం అన్నారు. దొంగ దొరకలేదు. ఆ ఆకులు కత్తిరించి కొత్తవి అతికించేసరికి క్రిస్మస్ అమ్మకాలు కాస్తా పోయాయి. అమెరికాలో పుస్తకం 1885 ఫిబ్రవరికి గాని రాలేదు. అంతకుముందే డిసెంబరులో లండన్‌లో వచ్చేసింది. 57వ పేజీలో రంపానికి ఉన్న ఇంగ్లీషు మాట అక్షరాలు వెనక్కి తిరిగి పడింది. అది కూడా కేటలాగులో గర్వంగా నమోదవుతుంది. ఇన్ని దోషాలున్న సంబంధాన్ని ఇంత కట్నమిచ్చి చేసుకునేది వీళ్లే కాబోలు.

1865 నాటి 'ఆలిస్' కథ మరీ విడ్డూరం. రెండు వేల ప్రతులు అచ్చయ్యాక బొమ్మలు సరిగ్గా పడలేదని వాటిని గీసిన టెనియెల్ పేచీ పెట్టాడు. ఖర్చు రచయిత లూయిస్ కారల్‌దే అయినా ఆయన కాదనలేకపోయాడు. స్నేహితులకి పంచినవి వెనక్కి అడిగి ఆసుపత్రులకి ఇచ్చేశాడు, మిగతా కాగితాలు అమెరికా ప్రచురణకర్తకి అమ్మేశారు. మళ్లీ కొత్తగా అచ్చువేశారు. టెనియెల్ ఛీకొట్టిన ఆ మొదటి ముద్రణలో ఇరవై పైచిలుకు ప్రతులే ఇప్పుడు తెలుసు.

ఇవన్నీ అరుదు కావడానికి ఇంకో మామూలు కారణం ఉంది. ఉపన్యాస సంపుటాలు బీరువాలో భద్రంగా ఉంటాయి. నవ్వించే పుస్తకం చేతులు మారుతూ, అట్ట ఊడి, పిల్లల చేతిలో పడి బొమ్మలకి రంగులు పూయించుకుని పోతుంది. ఎడ్వర్డ్ లియర్ 1846 నాటి పుస్తకానికి పట్టిన గతి అదే.

ఒక్కచోట మాత్రం మొదటి ముద్రణ మీద మోజుని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. 1897 నాటి 'కన్యాశుల్కం'లో వెతకాల్సింది అచ్చుతప్పులు కాదు. మనం చదువుకునేది గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పు, మొదటిది దాదాపు వేరే నాటకం. పరిశోధకుడు బంగోరె దాన్ని వెలికితీసి మళ్లీ అచ్చువేయబట్టి సరిపోయింది, లేకపోతే ఆ తేడా తెలుసుకోవడానికి ఎంతమందికి వీలయ్యేది?

నన్నడిగితే, డబ్బు చేతికొచ్చిన రోజున పిక్విక్ చివరి నెలల సంచిక ఒకటి విడిగా కొంటాను. మొదటి సంచిక వెయ్యి ప్రతులే వేయించారు, చివరికొచ్చేసరికి అమ్మకం 40 వేల దాకా పోయింది. కనక చివరివి అంత కరువు కాదు. వెనక అతికించిన ప్రకటనల కాగితాలు మాత్రం ఊడి ఉండకూడదు. బైండు చేయించేటప్పుడు జనం ముందు పారేసింది వాటినే, నేను ముందు చదవబోయేదీ వాటినే.